బుట్ట అడుగున సంగటి

నిన్ను సంగటి పంపమని ఎవరడిగినారమ్మీ?

నేనడిగినానా? మీ అత్త ఆకలితో ఉండాది, ఒక ముద్ద పంపు షహీనా అని ఎవరి చేతనన్నా చెప్పి పంపినానా? లేదు కదా. మరి ఎందుకు పంపితివి? అదీ నాకు తెలీకుండా. చౌడక్క ఆకుకూరలమ్మే బుట్ట అడుగున, గోనెపట్ట కింద దాపెట్టి, దొంగసరుకు పంపినట్ల.

మిషను ఆపద్దు, తొక్కుకో. ఎవరిదో పెండ్లి జాకెట్టు మాదిరి ఉండాది, సాయంత్రానికి ఇయ్యాల్నేమో. నువ్వు నాతో మాట్లాడి ఎన్నాళ్ళాయనో నాకు ఎరికే. మాట్లాడమని నేను రాలేదు. నా మాట నీ చెవిలో పడితే చాలు. గడప కూడా దాటను. ఈడనే మెట్టు మింద కూచుంటా.

ఏం తల్లీ, గోడ పక్కన నిలబడి వింటాండావు, పక్కింటామెవా? వినాలనుంటే ఇట్లొచ్చి కూచో. నాది గుసగుసల గొంతు కాదు. ప్రవక్త మింద మీలాద్ పాటలు చదివే ఆడోళ్ళలో ఈ ఖాదర్‌బీ గొంతే ముందు లేస్తాది, పెనుకొండలో ఎవర్నన్నా అడుగు. నలుగురుంటేనే నాకు మాట బాగా వస్తాది.

ఈ పొద్దు పొద్దున్నే రెవెన్యూ ఆఫీసు ఆర్.ఐ. సార్ వచ్చినాడు షహీనా, మనింటికి.

మనింటికి అంటాండా చూడు. సరే, నా ఇంటికి.

నౌషాద్ మింద నేను అర్జీ పెట్టింటి కదా, దాని విచారణకు. నీకు తెలిసే ఉంటాది, ఈ ఊర్లో ఏది దాగుతాది? కన్నకొడుకు మింద అర్జీ పెట్టిన తల్లి అని చెప్పుకుంటాండారంట. చెప్పుకోనీ.

వాడు మీ మామ ఉద్యోగంలో చేరేటప్పుడు కాగితం రాసిచ్చినాడు. మా అమ్మను నేనే సాకుతా, సాకకపోతే మీరేం చేసినా ఒప్పుకుంటా అని. చనిపోయినోళ్ళ ఉద్యోగం ఇంట్లోవాళ్ళకు ఇచ్చేటప్పుడు అట్ల రాయించుకుంటారంట. నాకేం తెలుసు? మీ మామతో కలిసి పనిచేసిన శ్రీనివాసులన్న చెప్పె. "వదినా, సర్కారు ఆ ఉద్యోగం వాని మొగం చూసి ఇయ్యలేదు. మా ఖాదర్‌వలి పోయినాడని, మీ ఇంట్లో పొయ్యి ఆరిపోగూడదని ఇచ్చింది. నీకు కూడు పెట్టకపోతే వాని జీతంలో కోసి నీ చేతికే ఇప్పిస్తారు" అనె. ఆయనే అర్జీ రాసె. నేను వేలిముద్ర వేస్తి.

నాకుండే దారి అదొక్కటే అమ్మీ. మీ మామ చేరింది పెన్షన్ ఎత్తేసినాంక. ఆయన పోయినప్పుడు వచ్చిన దుడ్లు నౌషాద్ పెండ్లికీ, వాని బండికీ కరిగిపాయ. చింతపండు కొట్టే కూలికి పోతాంటి, చూడు ఈ మణికట్టు, ఇంగ సుత్తి పట్టనియ్యదు. వాని జీతంలో నా వంతు నాకొస్తే ఎవరి గడపా తొక్కకుండా బతుకుదును.

ఆ దారి ఈ పొద్దు మూసుకుపాయ. మూసింది ఎవరో తెలుసా?

నువ్వే. నీ సంగటి ముద్ద.

అట్ల చూడొద్దు. చెప్తా. మొదట్నుంచి చెప్తేగాని నా కడుపుమంట నీకు తెలీదు. నువ్వు కండ్లారా చూసిందే అయినా, నా నోట వినలేదు కదా.

మీ మామ ఎట్ల పోయినాడు? చెన్నేకొత్తపల్లి పశువుల ఆస్పత్రిలో, ఎవరిదో ఎద్దుకు డాక్టరు సూది వేస్తాంటే ముక్కుతాడు పట్టుకోని నిలబడినోడు, అట్లే కూలబడె. గుండె ఆగిపాయ. తాడు చేతిలోంచి జారిపోయినా ఆ ఎద్దు కదల్లేదంట. ఆ మనిషి మింద కాలు పెట్టకుండా అట్లే నిలబడిందంట. నోరులేని జీవానికి ఉండే మర్యాద చూడు. నోరుండే కొడుకు సంగతి తర్వాత చెప్తా.

నేను ఇద్దత్‌లో కూచుంటి. భర్త పోయిన ఆడది గడువు తీరేదాకా గడప దాటకూడదు, పరాయి మొగోళ్ళ కంట పడకూడదు. తెర కట్టుకోని, తస్బీ పూసలు తిప్పుకుంటా, ఆ మనిషికి స్వర్గం ఇయ్యి సామీ అని దువా చేసుకుంటా కూచోనుంటి. నాకు నీళ్ళు కాంచి పెట్టేది ఎవరు? నువ్వు. గంజి తాపేది ఎవరు? నువ్వు. నేనేమన్నా కాదంటినా?

ఆ గడువులోనే ఉద్యోగం మాట వచ్చె. నాకు చదువు లేదు. పెద్దోడు, నీ మొగుడు షాకిర్‌కు హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు పని ఉండనే ఉండె. నౌషాద్ డిగ్రీ సగంలో వదిలేసి దర్గా కాడ టీ అంగడి ముందర కాలుమింద కాలేసుకోని కూచునేటోడు. వానికొక దారి చూపిద్దామనుకుంటి. అన్నదమ్ములు ఇద్దరూ నిలబడతారు, ఏ తల్లికైనా ఆశ ఉంటాది కదా. షాకిర్ కూడా వానికే రానీలేమ్మా అనె. తన వంతుకు తాను సంతకం పెట్టిచ్చె.

అప్పుడు తెలిసె, ఒక మెలిక ఉండాదని. సంపాదించే కొడుకు ఇంట్లో ఉంటే ఇంకో కొడుక్కి ఆ ఉద్యోగం రాదంట. సంపాదించేవాడు వేరే పోయి, తల్లికి ఏమీ చేయకుండా ఉంటేనే వస్తాదంట. ఆర్.ఐ. వచ్చి విచారించి రాసుకోని పోతాడంట.

అందరూ ఒకటే మాట. షాకిర్ వేరే ఉండాడు, నన్ను చూడడంలేదు అని ఒక్క మాట చెప్పేయి ఖాదర్‌బీ, లోకమంతా చెప్పేదే, ఆర్.ఐ.కీ తెలుసు, రాసుకోని పోతాడు అని. నౌషాద్ తెర అవతల కూచోని బతిమలాడె. "అమ్మా, ఒక్క మాటమ్మా. నీ నోట్లోంచి ఊడిపడేదేముంది?"

నేనేమంటి? నువ్వు వింటివి కదా, గంజిగిన్నె పట్టుకోని ఆ పక్కనే ఉంటివి. "ఇద్దత్‌లో కూచోని, చేతిలో తస్బీ పెట్టుకోని అబద్ధం ఆడమంటావురా? నా మొగుడు మట్టిలో పచ్చిగా ఉండాడు. నేనిప్పుడు అబద్ధమాడితే ఆయన లెక్క ఆడ ఎట్ల తేలతాది?" అంటి.

వాని మొగం వాడిపాయ. అప్పుడే ఆ పాడు ఆలోచన వచ్చె. పాడు ఆలోచన అని ఇప్పుడంటాండా. ఆ పొద్దు దేవుడే చెప్పినాడనుకుంటి.

అబద్ధం చెప్పకూడదు, అంతే కదా. అయితే దాన్ని అబద్ధం కాకుండా చేస్తే సరిపాయ.

షాకిర్‌ను పిలిపిస్తి. "నాయనా, నువ్వు వేరే పోవాల" అంటి. "పోయినట్ల చెప్తే చాల్దా అమ్మా?" అనె పిల్లోడు. "పోయినట్ల కాదురా, పోవాల. పొయ్యితో సహా పోవాల. ఒక్క నెల. ఆర్డరు చేతికొస్తానే మళ్ళీ వద్దురు" అంటి.

నువ్వొక్క మాట అడిగితివి. "అత్తా, మేము పోతే నీకు నీళ్ళెవరు కాంచిస్తారు?" అని. "దేవుడు కాంచిస్తాడు, నువ్వు పో" అంటి. అట్ల కాకుండా ఇంకోరకంగా చెప్పుండొచ్చు. చెప్పలేదు. మెత్తగా మాట్లాడితే మీరు పోరని భయం.

షాకిర్ సిలిండరు భుజాన పెట్టుకోని పాయ. నువ్వు గిన్నెలు మూట కట్టుకోని ఎనకాల పోతివి. తెర సందులోంచి చూస్తాంటి. ఎనక్కి తిరిగి చూస్తావేమో అనుకుంటి.

అంతటితో ఊరుకుంటినా? లేదు. వేరే పోవడం నిజమాయ, మరి "తల్లికి ఏమీ చేయడంలేదు" అనే మాటో? అదీ నిజం కావాల కదా. మర్నాడు షాకిర్ హిందూపురం నుంచి బస్సు దిగి పాలప్యాకెట్టు, బన్ను పట్టుకోని వచ్చె. వాని పిచ్చి వానిది, ఒక పూటకే అమ్మ చిక్కిపోతాదని. "తీస్కపోరా, నువ్వు పాలు పోస్తే నా మాట అబద్ధమైతాది" అని లోపల్నుంచే కేకేస్తి. వాడు గడపలో పెట్టి పాయ. నేను నౌషాద్‌తో చెప్పి వీధిలో పారేయిస్తి.

ప్యాకెట్టు పగిలిపాయ. పాలు కాలవలోకి పోతాంటే కుక్క వచ్చి నాకె. వీధంతా చూసె. షాకిర్ మలుపు కాడ నిలబడి చూసినాడంట. చౌడక్క చెప్పింది నాకు, చానా రోజులకు.

నువ్వు మిషను ఆపితివే. తొక్కమ్మీ. ఆ చప్పుడుంటే నాకు చెప్పేదానికి బాగుంటాది.

ఆర్.ఐ. వచ్చె. తెర అవతల నిలబడి మర్యాదగా అడిగె. "అమ్మా, పెద్దకొడుకు నీతో ఉంటాండాడా?" లేడు సార్. "ఏమన్నా సాయం చేస్తాండాడా?" లేదు సార్. రెండూ నిజాలు. నా నోరు ఎంత శుభ్రంగా ఉండిందో ఆ పొద్దు. నమాజులో కూచుంటే కండ్లలో నీళ్ళు కూడా వచ్చె, సామీ, నా మాట కాపాడినావు అని. మురిసిపోతి షహీనా. ఇల్లు కూల్చుకోని, నోరు కాపాడుకున్యానని మురిసిపోయిన ముండను నేను.

ఆర్డరు ఒక నెలలో వస్తాదా? సర్కారు పని. నెలలు పట్టె. వచ్చినాంక నౌషాద్ నా కాళ్ళ మింద తల పెట్టె. "అమ్మా, ఈ ఉద్యోగం నాది కాదు, నీది. నీ తర్వాతే ఎవరైనా" అనె. నేను నమ్మితి. కడుపున పుట్టినోని మాట నమ్మక ఏం చేస్తా?

అదే సాయంత్రం షాకిర్ పాలకోవా డబ్బా పట్టుకోని వచ్చె. నెత్తికి టోపీ, మొగం నిండా నవ్వు. సామాను రేపు తెచ్చేస్తాం అమ్మా అనేదానికే వచ్చినాడు, నాకు తెలుసు. నౌషాద్ వాకిట్లో అడ్డం నిలబడె. "అన్నా, ఇప్పుడే వద్దు. ఎవడన్నా ఆకాశరామన్న అర్జీ పడేస్తే నా ఉద్యోగం ఊడుతాది. ప్రొబేషన్ అయ్యేదాకా ఓర్చుకో" అనె.

షాకిర్ నా వైపు చూసె.

నేను తస్బీ తిప్పుకుంటా కూచుంటి.

వాడు డబ్బా అట్లే పట్టుకోని ఎనక్కి పాయ. ఆ కోవా మీరు తింటిరో, ఎవరికన్నా ఇస్తిరో, ఇప్పటిదాకా నాకు తెలీదు.

తర్వాత పెండ్లి. ధర్మవరం సంబంధం, మగ్గాలుండే ఇల్లు, మహజబీన్. వానికి పోస్టింగు కూడా ఆ ఊర్లోనే పడె, ఇంగేం కావాల. అన్నకు పెండ్లిపత్రిక ఎట్ల పంపినాడో గుర్తుందా? పోస్టులో. రెండు వీధుల అవతల ఉండే తోడబుట్టినోనికి స్టాంపు అంటించి. ఎందుకురా అంటే, "ఇట్ల పంపితే వేరే ఉండారని రుజువు ఉంటాదమ్మా" అనె. అప్పుడన్నా నాకు తెల్లారిందా? తెలివైనోడు నా కొడుకు అనుకుంటి.

మొదట్లో జుమ్మా నాటికి వచ్చి బియ్యం వేసి పోయేటోడు. తర్వాత ఫోన్లో ఎట్లుండావమ్మా అనే మాట. తర్వాత అదీ లేదు. ప్రొబేషన్ అయిపోయిన సంగతి కూడా నాకు శ్రీనివాసులన్న చెప్తేనే తెలిసె.

పోతి ధర్మవరం. బస్సు చెన్నేకొత్తపల్లిలో ఆగినప్పుడు మీ మామ ఆస్పత్రి వైపు చూడకుండా కొంగు అడ్డం పెట్టుకుంటి. ధర్మవరంలో దిగి వాళ్ళింటికి పోతే ఆ పిల్ల ఏమీ అనలేదు, అబద్ధం చెప్పకూడదు. అన్నం పెట్టింది. పట్టుచీరల మూటలుండే గదిలో పక్కేసింది. మడత నలుగుతాది అత్తా, అటు తిరిగి పడుకోవద్దు అనింది. అంతే.

నౌషాద్ కొన్నాళ్ళు చూసి, ఒక పొద్దు ఆఫీసుకు పోబోతా చెప్పుల కాడ నిలబడి అన్యాడు. "అమ్మా, ఈడ నీకు తోచదు. అన్న ఉండాడు కదా. ఇప్పుడింగ భయం ల్యా. అన్న కాడికి పో."

"ఏ మొగం పెట్టుకోని పోవాల్రా?" అంటి.

వాడేమన్యాడో విను. నువ్వు కూడా విను తల్లీ, పక్కింటామె, నీకూ కొడుకులుంటారు. "నేను ఒక్క మాట చెప్పమంటి, అంతే కదమ్మా. వాళ్ళను నిజంగా ఎల్లగొట్టమని నేను చెప్పినానా? పాలు పారేసేది నీ ఆలోచనే కదా. నీ నిజం నువ్వు కాపాడుకుంటివి. దానికి నేనేం చేసేది?"

చెప్పులేసుకోని పాయ.

ఉద్యోగం తీసుకున్యాడు, తీసుకోనీ. నేనిచ్చిందే. కూడు పెట్టలేదు, అదీ ఓర్చుకుంటా. కానీ నా నమాజు, నా నోరు, నేను దేవుని ముందర వాని కోసం ఏడ్చిన ఏడుపు, అన్నీ మూటగట్టి నా నెత్తినే పెట్టినాడు చూడు. అందరి ముందర తిట్టింటే బాగుండు. కొట్టింటే కూడా బాగుండు.

సాయంత్రం బస్టాండుకు తీస్కొచ్చి ఎక్కించినాడు. "పెనుకొండలో దింపేయండి" అని కండక్టరుకు నన్ను పార్సిల్ మాదిరి ఒప్పచెప్పి, బస్సు కదలకముందే బండి తిప్పుకోని పాయ. కండక్టరు నయం. సీటు చూసి కూచోబెట్టె.

అప్పుడు కదా అర్జీ పెట్టింది. ఎందుకు పెట్టకూడదు చెప్పు?

అర్జీ పోయినాంక కొన్నాళ్ళకు చౌడక్క గిన్నె తెచ్చేది మొదలుపెట్టె. "ఇంట్లో మిగిలింది ఖాదర్‌బీ, పారేయలేక తెచ్చినా" అని. పొద్దున బుట్ట నిండా ఆకుకూర ఎత్తుకోని పోతాది, మధ్యాన్నం ఖాళీ బుట్టతో వస్తాది, అడుగున గిన్నె. రోజూ మిగులుతాదా ఎవరింట్లో అయినా? అడగలేదు. ఆకలైనోళ్ళు అడగరు.

ఈ పొద్దు ఆర్.ఐ. వచ్చి మంచం మింద కూచున్యాడు. ఆయనే, అప్పుడు తెర అవతల నిలబడినాయనే. గొంతు గుర్తుపడితి, మొగం ఇప్పుడే చూస్తి. జుట్టు నెరిసింది. "చిన్నకొడుకు చూడడంలేదు, నిజమేనా?" నిజం సార్. "మరి తిండి ఎట్ల గడుస్తాండాది?"

చౌడక్క పెడతాండాది సార్, ఇరుగు పొరుగు, దయ తలిచి పెడతాండాది అంటి.

ఆయన రాసుకుంటాండాడు. బాగా రాసుకుంటాండాడమ్మీ. "ఇరుగుపొరుగు దయ మింద బతికే పరిస్థితి అన్నమాట" అని తనలో తానే అనుకుంటా రాస్తాండాడు. నౌషాద్ జీతం మింద కత్తెర పడినట్లే అనుకుంటి. ఒళ్ళంతా చల్లబడినట్లాయ.

సరిగ్గా అప్పుడే ఆ మహాతల్లి బుట్ట నెత్తిన పెట్టుకోని దిగె. ఏ పొద్దూ అంత తొందరగా రాదు. ఈ పొద్దు గోంగూర తొందరగా అమ్ముడుపోయిందంట. ఆర్.ఐ. చూసి, "నువ్వేనా ఈమెకు పెడతాండేది? అయితే ఈడ సాక్షి సంతకం పెట్టమ్మా" అనె.

సంతకం అనేసరికి ఆ యమ్మ ఎనక్కి జరిగె. బుట్ట దించి, చేతులు కట్టుకోని, "సంతకమంటే నాతో కాదు సార్. చౌడమ్మ తల్లి ఆన, నాదేమీ లేదు. ఈమె పెద్దకోడలు వండి ఇస్తాది, నేను మోసుకొస్తా. మోసినందుకు నా బిడ్డ జాకెట్లు ఊరికే కుట్టిస్తాది" అని అంతా కక్కేసె. ఎవరూ అడగని జాకెట్ల సంగతి కూడా.

ఆర్.ఐ. పెన్ను మూత పెట్టినాడు.

"పెద్దకొడుకే సాకుతాండాడు కదమ్మా, నీకు పోషణ ఉండాది. దిక్కు లేదంటేనే చిన్నవాని జీతం మింద చెయ్యి వేసేది. ఇంగ ఈ అర్జీ నిలబడదు" అనె. కోపంగా అనలేదు పాపం. లేచి పోతా పోతా వాకిట్లో ఆగి, "పోయినసారి పెద్దాయన ఏమీ చేయడంలేదంటివి" అనె.

అప్పుడది నిజం సార్ అంటి.

"ఇప్పుడు?" అనె. నేను బుట్ట వైపు చూస్తి. ఆయన పాయ.

ఈపాటికి నౌషాద్‌కు ఫోన్ పోయుంటాది. తొడ కొట్టుకోని నవ్వుతాంటాడు. వాన్ని కాపాడిందెవరు? వాళ్ళ మామ మగ్గాలు కాదు, ప్లీడరూ కాదు. వాడు పోస్టులో పత్రిక పంపిన వదిన. వాడు వాకిట్లో ఆపిన అన్న. మీ రాగులు, మీ గ్యాసు, మీ చేతి సంగటి. అందుకే అడుగుతాండా, ఎందుకు పంపితివి? పంపినదానివి మొగం మింద చెప్పి పంపుండకూడదా? నాలుగు మాటలని, గిన్నె నా ముందర విసిరేసి పోయుంటే, అప్పుడే ఆ అర్జీ ఎనక్కి తీసుకోనుందును కదా?

ఏమంటివి?

గట్టిగా చెప్పు. ఇన్నాళ్ళకు నోరు తెరిచి అంత మెల్లగానా మాట్లాడేది? షాకిర్ చెప్పొద్దన్యాడా? ఎందుకు చెప్పొద్దంట, నా మింద కోపమా?

మళ్ళీ చెప్పమ్మీ.

మనమే పంపుతాండామని అమ్మకు తెలిస్తే అమ్మ చెప్పిన మాట అబద్ధమైతాది. తెలీకపోతే కాదు. అట్లన్యాడా? వాడే అన్యాడా ఆ మాట?

కాలవలో పాలు పోతాంటే మలుపు కాడ నిలబడి చూసినోడు. వాడు నా నోటిని కాపాడతాండాడా?

కొంచెం నీళ్ళుంటే ఇయ్యి. వద్దులే, కూచో. నేను చెప్పేది పూర్తి కాలేదు. ఒకటి మిగిలిపాయ. తల్లీ, పక్కింటామె, ఏమనుకోవద్దు, నువ్వింగ ఇంటికి పో. ఇది మా ఇంటి మాట.

షహీనా, నాకు తెలుసు.

మొదటి ముద్దకే తెలిసింది. సంగటి ముద్ద నెత్తిన బొటనవేలితో గుంట పెట్టి, ఆ గుంటలో ఊరుబిండి పెట్టేది ఈ ఊర్లో నువ్వొక్కదానివే. కొత్తకోడలిగా వచ్చినప్పుడు, ఇదేం అలవాటే, కారం పక్కన పెట్టరాదా అని నేనే తిట్టింటి. గిన్నె మూత తీస్తానే గుంట కనిపించె. ఆ పైన ఒక శనివారం కైమా వచ్చె. చౌడక్క శనివారం కోడిగుడ్డు పేరు చెప్తేనే నోరు కడుక్కుంటాది. అయినా ఏమీ తెలీనట్ల, మిగిలిందా అక్కా, నీకు పుణ్యముంటాది అని గిన్నె కడిగిస్తాంటి.

తెలిసే చౌడక్క పేరు చెప్పినా ఆర్.ఐ.కి. బుద్ధెరిగినాంక ఆడిన మొదటి అబద్ధం. దేనికి భయపడి మిమ్మల్ని పొయ్యితో సహా ఎల్లగొట్టినానో, ఆ అబద్ధమే ఆడినా. వాని మింద కసి. వాని జీతం చీటీలో నా పేరు మింద ఒక కోత చూడాలని కసి. తినే కూడు ఎవరిదో తెలిసి, ఆ చేయి లేదని చెప్పినా. నోరు తడబడను కూడా లేదు. అంత సులభమని తెలిసుంటే ఆ పొద్దే ఆడేసి ఉందును కదా. మీరు ఇంట్లోనే ఉందురు.

ఇంత చేసి, దానితోనన్నా వాన్ని పట్టుకుంటినా? గోంగూర తొందరగా అమ్ముడుపాయ, అంతే. నౌషాద్ హాయిగా ఉండాడు. వాని ప్రొబేషన్ కూడా అయిపాయ. పోనీలే. ఇంగ ఎవర్ని ఏమని ఏం లాభం?

నువ్వు ఎందుకు లేస్తివి? ఆ జాకెట్టు ముగించు, వాళ్ళొస్తారు.

ఏందా చప్పుడు, గిన్నె మూతనా? కూడు తినే తట్ట ఎందుకు తీస్తాండావు? గడప దాటనని చెప్పినా కదా.

ఈడికే తెస్తాండావా.

ఆకలి లేదని చెప్పాలనే నోటిదాకా వస్తాండాది అమ్మీ. ఈ పొద్దుకు ఒక అబద్ధం చాలు. పెట్టు.